లేక్ టాహో: రెండు గాలి బోర్డులు, ఒక కయాక్, ముగ్గురు పిల్లలు. ఏ ఒడ్డు, ఏ వేళ?

తెడ్డు_కొత్త

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని టాహో సరస్సుకి జులై రెండో వారంలో శుక్రవారం రాత్రికి చేరి ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటాం. రెండు కుటుంబాలు. పిల్లలు 6, 9, 14 ఏళ్ళవాళ్ళు. గాలి కొట్టుకునే పాడిల్ బోర్డులు (నిలబడి తెడ్డు వేసేవి) రెండు, అలాంటిదే ఒక కయాక్ (కూర్చుని తెడ్డు వేసే సన్న పడవ) ఉన్నాయి. మోటారు బోటు లేదు. పెద్దవాళ్ళలో ఈత ఇద్దరికే వచ్చు. తూర్పు ఒడ్డున శాండ్ హార్బర్ బీచ్ అనుకున్నాం గానీ బుకింగ్ గోల ఉందంటున్నారు. బోర్డుల మీద ఎమరాల్డ్ బే (సరస్సు నైరుతి మూలనున్న చిన్న అఖాతం) దాకా వెళ్ళొచ్చా? బోర్డులకు కూడా తనిఖీ ఉంటుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సియెర్రా_సూరి

ఒడ్డు సంగతి తర్వాత, ముందు వేళ చూసుకోండి. వేసవిలో టాహో గాలి రోజూ ఇంచుమించు ఒకే వరసలో నడుస్తుంది. తెల్లవారుజామున కదలిక ఉండదు. పది, పదకొండు మధ్య నైరుతి నుంచి మొదలవుతుంది. రెండు నుంచి ఐదు దాకా ముదురుతుంది. పొద్దుగూకాక సద్దుమణుగుతుంది. తూర్పున నెవాడా ఎడారి నేల కాగి అక్కడి గాలి పైకి లేస్తే, సియెర్రా శిఖరాల మీదుగా పడమటి గాలి అటు దిగుతుంది. సరస్సు సరిగ్గా ఆ దారిలో ఉంది.

సరస్సు పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. అంత నీటి మీద అడ్డు లేకుండా వచ్చిన గాలి అవతలి ఒడ్డు చేరేసరికి పొట్టి అలలు వెంటవెంటనే గుద్దుతుంటాయి. ఒక అల దిగేలోపే బోర్డు ముక్కు రెండోదాంట్లో గుచ్చుకుంటుంది. కొత్తవాళ్ళు పడేది అక్కడే.

అందుకని ఏడింటికల్లా నీళ్ళలో ఉండాలి, పదిన్నరకి ఒడ్డుకొచ్చేయాలి. ముందు రోజు రాత్రి వాతావరణ సూచనలో సగటు వేగం కాదు, గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకె చూడండి. గంటకు 10 మైళ్ళ లోపు ఉంటే పిల్లలతో పర్లేదు. నీటి మీద అక్కడక్కడా తెల్ల నురగ కనబడిందంటే 10 దాటినట్టే, వెనక్కి తిరగండి. రెనోలోని జాతీయ వాతావరణ కార్యాలయం ‘లేక్ విండ్ అడ్వైజరీ’ (సరస్సు మీద గాలి హెచ్చరిక) ఇచ్చిన రోజున బోర్డు సంచి విప్పే పనే పెట్టుకోవద్దు.

తెడ్డు_కొత్త

థాంక్సండీ సూరి గారూ. పడమటి ఒడ్డున మీక్స్ బే, షుగర్ పైన్ పాయింట్ వైపు మధ్యాహ్నం కూడా నీళ్ళు నిమ్మళంగా ఉంటాయని విన్నాం. అటు వెళ్తే రోజంతా ఆడుకోవచ్చు కదా?

సియెర్రా_సూరి

నిమ్మళంగా ఉండేది ఒడ్డు పక్కనే. ఆ చిక్కు చాలామందికి తెలియదు. పడమటి ఒడ్డున ఎత్తయిన పైన్ చెట్లూ వాటి వెనక కొండా గాలిని ఆపేస్తాయి. ఇసుక మీద నిలబడితే ఆకు కదలదు. రెండు మూడు వందల మీటర్లు లోపలికి పోయేసరికి ఆ చాటు అయిపోతుంది, వీపు మీద గాలి తగులుతుంది. అప్పటికి గాలి మిమ్మల్ని ఒడ్డు నుంచి నడిమధ్యకి నెడుతూ ఉంటుంది. వెళ్ళేటప్పుడు ‘అబ్బ, ఎంత తేలిగ్గా పోతోందో’ అనిపిస్తే అనుమానించాలి. దక్షిణాన పోప్, బాల్డ్విన్ బీచుల దగ్గరా నైరుతి గాలికి ఇదే పరిస్థితి.

తూర్పు ఒడ్డు దీనికి తలకిందులు. శాండ్ హార్బర్, నెవాడా బీచ్ వైపు గాలి నీటి మీద నుంచి ఒడ్డుకి కొడుతుంది. అలలు పెద్దవి, చూడ్డానికే భయం, కాబట్టి జనం దిగరు. దిగినా మళ్ళీ ఒడ్డుకే తోస్తుంది. కాకపోతే శాండ్ హార్బర్ దగ్గర ఆ ఒడ్డున గ్రానైట్ బండలుంటాయి.

నా మాట వింటే, గాలితో ఊదిన హంసలూ ట్యూబులూ పడమటి ఒడ్డున మధ్యాహ్నం అసలు వద్దు. వాటికి నీటి కింద పట్టు ఉండదు, మొత్తం తెరచాపే. బోర్డుకి కనీసం అడుగున ఫిన్ను (చిన్న రెక్క) ఉంటుంది.

పెద్ద పడవ ఉంటే ఏమీ కాదనుకునేవాళ్ళకి ఒక మాట. 2025 జూన్ 21 మధ్యాహ్నం డి.ఎల్. బ్లిస్ పార్కు దగ్గర ఉరుముల వానలో 27 అడుగుల మోటారు బోటు తిరగబడింది. అందులో ఉన్న పదిమందిలో ఎనిమిదిమంది చనిపోయారు.

ఇంక్లైన్_వాసి

శాండ్ హార్బర్ గురించి చెప్తాను. అది నెవాడా రాష్ట్ర పార్కు. వేసవిలో పొద్దున కారుతో లోపలికి రావాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఏ గంటల మధ్య బుకింగ్ తప్పనిసరో పార్కు సైటులో చూసుకోండి, సీజన్ని బట్టి మారుస్తుంటారు. బుకింగ్ దొరకలేదని 28వ నంబరు రోడ్డు పక్కన కారు ఆపి నడిచి రావడం కుదరదు. రోడ్డు వైపు నుంచి నడిచొచ్చేవాళ్ళని రానివ్వరు, కారుకి చలాను పడుతుంది. ఆ రోడ్డు మలుపుల్లో పిల్లల్ని పట్టుకుని, బోర్డు నెత్తిన పెట్టుకుని నడవడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

కారు లేకుండా రావాలంటే ఇంక్లైన్ విలేజ్ నుంచి మూడు మైళ్ళ ఈస్ట్ షోర్ ట్రైల్ ఉంది. 2019లో తెరిచారు, పూర్తిగా తారు బాట, పక్కనే నీళ్ళు. సైకిలుకీ పిల్లల బండికీ హాయిగా ఉంటుంది. బోర్డులు మోసుకొచ్చే దారి మాత్రం కాదు.

ఇక్కడ ఉండేవాళ్ళ తరఫున ఇంకొకటి. ఉత్తరం, పడమటి ఒడ్డుల్లో టార్ట్ బస్సులు ఉచితం. బోర్డు వేసుకునేది పొద్దున ఒక్క పూటే కదా, మధ్యాహ్నం కారు బస దగ్గరే వదిలేసి బస్సెక్కండి. శనివారం 11కి బీచుల చుట్టూ పార్కింగ్ కోసం తిరిగే కార్ల వల్లే మా రోడ్లు ఆగిపోతున్నాయి.

బే_బాబాయ్

లైఫ్ జాకెట్టు బోర్డు ముందు తాడుకి కట్టేసి పెడితే చాలు. చట్టం అంతవరకే అడుగుతుంది. ఎండలో అందరూ తొడుక్కుని ఉడికిపోనక్కర్లేదు.

చన్నీటి_ఈత

బాబాయ్ గారూ, చట్టం పెద్దవాళ్ళ వరకు అంతే, ఒప్పుకుంటాను. 13 ఏళ్ళ లోపు పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ తొడుక్కునే ఉండాలి. అంటే వీళ్ళ 6, 9 ఏళ్ళ పిల్లలకి అది ఇష్టాఇష్టాల విషయం కాదు. కానీ ఈ నీళ్ళ దగ్గర పెద్దవాళ్ళు కూడా చట్టం చూసుకుని ఆగిపోకూడదు.

జులై మధ్యలో పైపొర 16–18 డిగ్రీల సెల్సియస్ ఉండొచ్చు. జూన్ మొదట్లో ఇంకా తక్కువ. ఆ వెచ్చదనం కూడా పైపైనే. చలికాలంలో సరస్సు మొత్తం దాదాపు 5 డిగ్రీలకి దిగుతుంది, లోతున ఏడాది పొడవునా అంతే ఉంటుంది. నైరుతి గాలి ఒక రోజు గట్టిగా వీస్తే పైనున్న గోరువెచ్చని నీళ్ళు తూర్పు వైపు పోగవుతాయి, వాటి జాగాలోకి పడమటి ఒడ్డున కింది చన్నీళ్ళు పైకొస్తాయి. నిన్న ఈత కొట్టిన చోటే ఇవాళ కాలు పెట్టలేరు. పిల్లల్ని దింపే ముందు ఏ రోజుకారోజు మీరు మోకాలి లోతున ఒక నిమిషం నిలబడి చూడండి.

చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే జరిగేది ఇదీ. మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. ఎగశ్వాస వస్తుంది, ఆ సమయంలో మొహం నీళ్ళలో ఉంటే నీళ్ళు లోపలికే పోతాయి. ఆ తర్వాత పది నిమిషాల పాటు చేతులూ వేళ్ళూ పనిచేస్తాయి, క్రమంగా పట్టు పోతుంది. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. బాగా చల్లటి నీళ్ళకి వేసిన లెక్క ఇది, ఆగస్టులో కొంచెం నయం. అయినా మునిగేవాళ్ళలో చాలామంది ఆ మొదటి నిమిషంలోనే మునుగుతారు, గంట దాకా రారు. ఈత బాగా వచ్చినా ఆ నిమిషంలో అది అక్కరకు రాదు. బోర్డుకి కట్టిన జాకెట్టుని నీళ్ళలో పడ్డాక విప్పి, వణికే వేళ్ళతో బకిల్ పెట్టుకోవడం అయ్యే పని కాదు.

పడితే ఈత మొదలుపెట్టొద్దు. వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడే దాకా ఆగండి, నిమిషం, నిమిషంన్నర. తర్వాత బోర్డు పక్కకి, సరిగ్గా మధ్య పిడి దగ్గరికి రండి. ఒక చెయ్యి పిడి మీద, రెండోది అవతలి అంచు మీద వేయండి. కాళ్ళు వెనక నీటి మట్టానికి లేచేదాకా తన్ని, ఆ ఊపులో పొట్ట మీద పాకి ఎక్కాలి. కాళ్ళు బోర్డు కిందకి వేలాడుతుండగా చేతుల బలంతో లేవాలని చూస్తే బోర్డు తిరగబడి మీ మీద పడుతుంది. ఇది మొదటి రోజే నడుము లోతులో ప్రతి ఒక్కరి చేతా చేయించండి, 14 ఏళ్ళ పిల్లాడితో సహా.

నడుముకి కట్టుకునే గాలి జాకెట్లు 16 ఏళ్ళ లోపు వాళ్ళకి పనికిరావు. ఈత రానివాళ్ళకి కూడా నురుగు నింపిన మామూలు జాకెట్టే సరైనది. ఇంకో చిన్న విషయం, జాకెట్టు భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. వస్తే అది ఆ పిల్లకి పెద్దదన్నమాట.

బే_బాబాయ్

సరేనమ్మా, తొడుక్కోమనే చెప్దాం.

నీలాల_నీరజ

నీళ్ళు తేటగా ఉండటం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటి ఎవరూ చెప్పలేదు. లోతు తెలియదు. పైనుంచి చూస్తే నీటి అడుగు అసలు లోతులో ముప్పావు వంతులోనే ఉన్నట్టు కనబడుతుంది. 12 అడుగుల లోతు 9 అడుగుల్లా అనిపిస్తుంది. ‘అదిగో అడుగు కనబడుతోంది, నిలబడొచ్చు’ అని ఈత రానివాళ్ళు దిగేది అందుకే. రూబికాన్ పాయింట్ వైపు అయితే ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే గోడలా దిగిపోతుంది. బండల మీద నుంచి దూకేవాళ్ళకి ఇంకో తంటా, మునిగిన బండ ఎంత కింద ఉందో అంచనా తప్పుతుంది. దూకే ముందు ఒకరు కళ్ళద్దాలు పెట్టుకుని మునిగి చూసి రావాల్సిందే.

తెడ్డు_కొత్త

అంత తేటగా ఎందుకుంటాయండీ ఇక్కడ? పైగా ఒడ్డున కొన్నిచోట్ల పచ్చటి పాచి ఫోటోలు చూశాను.

నీలాల_నీరజ

మూడు కారణాలు. ఒకటి, లోతు. గరిష్ఠం 501 మీటర్లు, సగటున 300 పైనే. రెండు, చుట్టూ ఎక్కువగా గ్రానైటు, వాగులు తెచ్చే పోషకాలు తక్కువ. పరీవాహక ప్రాంతం కూడా సరస్సు సైజుకి చిన్నదే, కాబట్టి వానా మంచూ చాలా భాగం నేరుగా నీటి మీదే పడతాయి. మూడు, మనుషులు చేసింది. ఈ లోయలోని మురుగునీటిని శుద్ధి చేసి, 1970ల నుంచీ పైపుల్లో కొండల అవతలికి పంపేస్తున్నారు, చుక్క కూడా సరస్సులో కలవనివ్వరు. 63 వాగులు లోపలికొస్తాయి, బయటికి పోయేది ట్రకీ నది ఒక్కటే. ఒకసారి చేరింది తేలిగ్గా పోదు.

తేటదనం కొలిచే పద్ధతి చాలా సాదా. పది అంగుళాల తెల్ల పళ్ళెం తాడుకి కట్టి దింపి, ఎక్కడ కనుమరుగవుతుందో చూస్తారు. యూసీ డేవిస్ వాళ్ళు 1968 నుంచీ కొలుస్తున్నారు. ఆ ఏడాది సగటు 31 మీటర్లు. 2017లో 18.2 మీటర్లకి పడిపోయింది, అదే అన్నిటికన్నా తక్కువ. తగ్గడానికి పెద్ద కారణం రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే సన్నటి మట్టి. మంచు కాలంలో రోడ్డు మీద చల్లిన ఇసుక టైర్ల కింద నలిగి పిండై, కరిగిన మంచుతో పాటు కాలవల్లోకి జారుతుంది. మైక్రాన్ల సైజు రేణువులు అడుక్కి చేరవు, నీళ్ళలోనే తేలుతూ వెలుగుని చెదరగొడతాయి.

పాచి వేరే లెక్క, అది ఒడ్డు వెంట ఉండేది. ఏషియన్ క్లామ్ అనే చిన్న ఆల్చిప్ప ఇసుకలో చేరింది. అది విసర్జించే పోషకాలకి పచ్చటి నాచు దారాలుగా పెరిగి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ఖాళీ చిప్పల అంచులు పదునుగా ఉంటాయి, పిల్లలకి నీటి చెప్పులు వేయండి.

సీలు_తీగ

తనిఖీ గురించి అడిగారు కదా. వేరే నీళ్ళ నుంచి అంటుకొచ్చే మస్సెల్స్ (ఆల్చిప్పల్లాంటివి), నత్తలు సరస్సులో చేరకుండా చేసేది అది. మోటారు బోటుకి 2008 నుంచీ తప్పనిసరి. నీటి దగ్గరున్న ర్యాంపులో చేయరు, వచ్చే దారిలో తనిఖీ కేంద్రాలుంటాయి, ముందే అక్కడికి వెళ్ళాలి. పాసయ్యాక బోటుకీ ట్రైలరుకీ మధ్య తీగతో సీలు వేస్తారు. ర్యాంపులో ఆ సీలు తెంపి దింపుతారు. ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ సీలు వేయించుకుని, అది తెగకుండా తిరిగొస్తే రెండోసారి తనిఖీ అక్కర్లేదు.

మీ బోర్డులకి సీలు ఉండదు గానీ నియమం అదే: శుభ్రం చేయాలి, నీళ్ళు పారబోయాలి, ఆరబెట్టాలి. ముఖ్యంగా శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి వచ్చేవాళ్ళకి. 2024 అక్టోబరులో కాలిఫోర్నియాలోని స్టాక్టన్ దగ్గర నదీ డెల్టాలో గోల్డెన్ మస్సెల్ దొరికింది, ఉత్తర అమెరికాలో అదే మొదటిసారి. క్వాగా, జీబ్రా మస్సెల్స్‌కి కావలసినంత కాల్షియం దానికి అక్కర్లేదు. టాహో నీళ్ళలో కాల్షియం తక్కువ కాబట్టి ఏమీ బతకదులే అనుకోవడానికి ఇక లేదు. ఇక్కడ 2023లో న్యూజీలాండ్ మడ్ స్నెయిల్ కూడా బయటపడింది, బియ్యపు గింజంత కూడా ఉండని నత్త.

గాలి బోర్డులో తేమ దాగే చోట్లు: ఫిన్ను పెట్టె సందు, ముందు సాగే తాళ్ళ కొక్కేల కింద, లీష్ (కాలికి కట్టుకునే తాడు) వెల్క్రో పొరలు, తెడ్డు గొట్టం లోపల. మూడు ముక్కల తెడ్డు విప్పి నిలబెడితే కప్పెడు నీళ్ళు కారుతాయి. కయాక్‌లో అయితే సీటు కిందా, పక్క గొట్టాలకీ నేలకీ మధ్య మడతలోనూ. డెల్టాలోనో ఇంకో రిజర్వాయరులోనో వాడి తడిగానే చుట్టి సంచిలో పెట్టిన బోర్డుని తిన్నగా టాహోలో దింపొద్దు. ఆ పిల్ల మస్సెల్స్ కంటికి ఆనవు, ఆ తడిలో రోజుల తరబడి బతుకుతాయి. బూట్ల అడుగున మట్టి కూడా బ్రష్‌తో దులపాలి, నత్త వచ్చేది అలాగే.

పీఎస్ఐ_ప్రసాద్

బోర్డులు ఇంటి దగ్గరే గాలి కొట్టి కారు పైన కట్టుకొచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. సముద్రమట్టం దగ్గర బయటి గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). టాహో నీటిమట్టం 1,897 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ సుమారు 11.7. అంటే కింద 15 కొట్టిన బోర్డులో పైకొచ్చేసరికి గేజీ 18 చూపిస్తుంది. దారిలో కనుమ ఇంకా ఎత్తు, పైగా ఎండ. అతుకులు విడేది అలాగే. చిప్స్ ప్యాకెట్లు ఉబ్బడం చూసే ఉంటారు, అదే ఇది.

ఒడ్డున కొట్టుకోండి. బోర్డు మీద రాసిన అంకె, మామూలుగా 12 నుంచి 15. ఎండలో 15 కొట్టి చన్నీళ్ళలో దింపితే ఒకటి, ఒకటిన్నర తగ్గుతుంది, కాబట్టి నీళ్ళలో పది నిమిషాలు ఉంచాక ఇంకోసారి చూసి నింపండి. మెత్తగా ఉంటే మధ్యలో కుంగుతుంది, పెద్దవాళ్ళ కింద అరటిపండులా వంగి నడవదు. మళ్ళీ ఒడ్డుకి తెచ్చి ఇసుక మీద గంటలు వదిలేసేటప్పుడు రెండు పీఎస్‌ఐ తీసేయండి, లేదా నీడలో పెట్టండి.

వాల్వు మధ్య పిన్ను పైకి ఉందో లేదో చూసి గొట్టం తగిలించండి. కిందకి నొక్కి ఉంటే గొట్టం తీయగానే గాలంతా పోతుంది. కయాక్ పక్క గొట్టాలకి బోర్డు లెక్క వాడొద్దు. చాలావాటికి 1 నుంచి 3 పీఎస్‌ఐ మాత్రమే, అదే పంపుతో రెండు తోపులు ఎక్కువైతే అతుకు పోతుంది. నేల గదికి వేరే అంకె ఉండొచ్చు, ప్రతి గది పక్కనా అచ్చేసి ఉంటుంది.

సియెర్రా_సూరి

ఎమరాల్డ్ బే ప్రశ్న మిగిలింది. బాల్డ్విన్ బీచ్ నుంచి ఒడ్డు వెంట వెళ్తే ఒక్క వైపే రెండు మైళ్ళు దాటుతుంది. గాలి బోర్డు మీద కొత్తవాళ్ళ వేగం గంటకు రెండు మైళ్ళు. అంటే ఏడింటికి బయల్దేరినా లోపల తిరిగి వెనక్కి వచ్చేసరికి గాలి వేళ అయిపోతుంది, తిరుగు దారిలో అది మిమ్మల్ని సరస్సు నడిమధ్యకి నెడుతుంది. బే మూతి ఇరుకు, పర్యాటకుల పడవలన్నీ అందులోంచే, వాటి అలలు రెండు వైపులా కొట్టి కలుస్తాయి. 14 ఏళ్ళ పిల్లాడితో ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు. చిన్నవాళ్ళతో వద్దు.

పిల్లలకి చూపించాలంటే పైన పార్కింగ్ నుంచి వైకింగ్స్‌హోమ్‌కి నడిచి దిగండి. 1929లో కట్టిన స్కాండినేవియా తరహా పెద్ద ఇల్లు. మైలు దూరం, దాదాపు 400 అడుగుల దిగుడు. దిగడం సులువే, ఎక్కేటప్పుడు ఎత్తు వల్ల ఆయాసం వస్తుంది, ఆరేళ్ళ పిల్లని ఎత్తుకోవాల్సి రావచ్చు. ఎదురుగా కనిపించే ఫనెట్, సరస్సు మొత్తానికి ఒకే ఒక్క దీవి. కెనడా పెద్దబాతులు గుడ్లు పెట్టే కాలమని ఫిబ్రవరి 1 నుంచి జూన్ 15 దాకా మూసేస్తారు, మీరు వచ్చేసరికి తెరిచే ఉంటుంది.

చేపలపులుసు

మధ్యలో ఒక ప్రశ్న. కయాక్ మీద నుంచి గాలం వేయొచ్చా? ఏ రాష్ట్రం లైసెన్సు?

ఇంక్లైన్_వాసి

కాలిఫోర్నియాదైనా నెవాడాదైనా ఒకటుంటే సరస్సు మీద చెల్లుతుంది. రోజుకి ఐదు చేపలు, అందులో మాకినా ట్రౌట్ రెండుకి మించకూడదు. నీళ్ళు తేట కాబట్టి చేప దారాన్ని చూస్తుంది, సన్న ఫ్లోరోకార్బన్ లీడరు (గాలానికి కట్టే చివరి దారం) పొడుగ్గా పెట్టండి. మాకినా ఎండ ఎక్కేకొద్దీ లోతుకి దిగుతుంది, వంద అడుగుల పైన. తెల్లవారకముందే వేయకపోతే కయాక్ నుంచి అందడం కష్టం.

చేపలపులుసు

చాలు, థాంక్స్.

నీలాల_నీరజ

బస ఎక్కడైనా సరే, తిండి కారులో వదలొద్దు. ఖాళీ కూలర్ అయినా, చూయింగ్ గమ్ అయినా. ఇక్కడి ఎలుగుబంట్లకి కారు తలుపు పిడి లాగడం వచ్చు, లోపలికెళ్ళాక తలుపు మూసుకుపోతే సీట్లూ డాష్‌బోర్డూ చీల్చేస్తాయి. క్యాంపు గ్రౌండ్లలో ఇనప పెట్టెలుంటాయి, తిండితో పాటు టూత్‌పేస్టూ సన్‌స్క్రీనూ కూడా వాటిలోనే. ఎత్తు వల్ల ఎండ తీక్షణం, పైగా నీటి మీద నుంచి కూడా తగులుతుంది. చల్లగాలిలో కాలుతున్నట్టు తెలియదు, పిల్లలకి పొడుగు చేతుల ఈత చొక్కాలే మేలు.

అన్నం వండుకునేవాళ్ళకి: ఇక్కడ నీళ్ళు 94 డిగ్రీల లోపే మరుగుతాయి. గిన్నెలో వార్చే అన్నం పలుకు మిగులుతుంది, పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. కుక్కరు తెచ్చుకోండి.

తెడ్డు_కొత్త

శనివారం పొద్దున ఏడింటికి బాల్డ్విన్, ఒడ్డు వెంటే, పదిన్నరకి బయటికి. మధ్యాహ్నం బస్సు. ఆదివారం వైకింగ్స్‌హోమ్ నడక. శాండ్ హార్బర్ బుకింగ్ దొరికితే శనివారం బాల్డ్విన్ బదులు అక్కడ. ఇలా సరిపోతుందా?

సియెర్రా_సూరి

సరిపోతుంది, ఒక్క మార్పు. ఆదివారం పార్కింగ్ ఎనిమిదికే నిండుతుంది, నడక ముందు పెట్టుకుని త్వరగా బయల్దేరండి. శనివారం ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకొచ్చేసి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగొద్దు.

సీలు_తీగ

శనివారం మధ్యాహ్నమే బోర్డులు తుడిచి నీడలో ఆరేయండి. ఆదివారం హడావుడిలో తడిగా చుట్టేస్తే, తర్వాత ఎక్కడ దింపినా ఇక్కడి నత్తల్ని అక్కడికి మోసుకెళ్ళినట్టే.